డ్రైవ్ కావాలా... డేటా కావాలా?

చచ్చిపోయిందనుకున్న పెన్‌డ్రైవ్ చాలాసార్లు నిజంగా చచ్చిపోదు. తానెవరో మర్చిపోతుందంతే. దానికి మళ్లీ పాఠం మొదటినుంచి చెప్పి నిలబెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. కాకపోతే అవి వసూలు చేసే ఫీజే కాస్త ఎక్కువ... లోపల దాచుకున్నదంతా!

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ. జంటనగరాల్లో కంప్యూటర్ సామాన్లు అనగానే గుర్తొచ్చే చోటు. అలాంటి బజారులో రిపేరు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఈ తరహా మాటలు చెవిన పడతాయి.

''అన్నా, ఇది ఓపెన్ అయితలేదు.''

''ఏమున్నది ఇందుల?''

''చెల్లె పెండ్లి వీడియో. స్టూడియో ఆయన దగ్గర గూడ లేదంట.''

''డ్రైవ్ గావాల్నా, డేటా గావాల్నా?''

వచ్చినవాడు తెల్లమొహం వేస్తాడు. రెండూ ఒకటే కదా అని అతని అనుమానం. కానే కాదు. మొరాయించిన పెన్‌డ్రైవ్ విషయంలో ఆ రెండూ రెండు వేర్వేరు దారులు. ఒక దారిలో నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి రెండోదారి పట్టడం కుదరదు. ఆ సంగతి తెలియకే చాలామంది దక్కాల్సిన ఫొటోలను చేజేతులా పోగొట్టుకుంటారు.

వేలెడంత గోదాము

పెన్‌డ్రైవ్ వయసు పాతికేళ్లు. సింగపూర్‌కు చెందిన ట్రెక్ సంస్థ 'థంబ్‌డ్రైవ్' పేరుతో, ఐబీఎం 'డిస్క్‌ఆన్‌కీ' పేరుతో 2000లో వీటిని మార్కెట్లోకి తెచ్చాయి. ఐబీఎం అమ్మిన తొలి డ్రైవ్ సామర్థ్యం 8 ఎంబీ. ఇప్పుడు సెల్‌ఫోన్‌తో తీసిన రెండు మూడు ఫొటోలకే నిండిపోతుంది. కానీ 1.44 ఎంబీ ఫ్లాపీతో కుస్తీ పడుతున్న రోజుల్లో అదే ఓ అద్భుతం.

పైన తొడుగు తీసి చూస్తే లోపల ఉండేవి ముఖ్యంగా రెండు చిప్‌లు. పెద్దది నాండ్ ఫ్లాష్ మెమరీ. ఫొటోలూ పాటలూ ఉండేది దీంట్లోనే. జపాన్‌కు చెందిన ఫుజియో మసువోకా తొషిబాలో పనిచేస్తుండగా కనిపెట్టిన మెమరీ ఇది. రెండోది కంట్రోలర్. చూడ్డానికి చిన్నదే అయినా ఇదో బుల్లి కంప్యూటర్. దీనికి సొంత ప్రాసెసరు, సొంత ప్రోగ్రాము ఉంటాయి. ఆ ప్రోగ్రామునే ఫర్మ్‌వేర్ అంటారు.

తేలిగ్గా చెప్పుకోవాలంటే... నాండ్ చిప్ ఓ పెద్ద గోదాము. కంట్రోలర్ అక్కడి గుమాస్తా. ఏ బస్తా ఏ వరసలో ఉందో అతని చిట్టా పుస్తకంలో రాసుంటుంది. 'ఫలానా ఫైలు ఇవ్వు' అని కంప్యూటర్ అడగ్గానే గుమాస్తా పుస్తకం చూసి, సరుకు తెచ్చి ఇస్తాడు.

మరి గుమాస్తా ఎందుకు? కంప్యూటరే నేరుగా గోదాములోకి వెళ్లొచ్చుగా? వెళ్లలేదు. నాండ్ మెమరీకి కొన్ని పేచీలున్నాయి. ఇందులో రాయడం పేజీల్లెక్కన, చెరపడం మాత్రం వందల పేజీలున్న బ్లాకుల్లెక్కన జరుగుతుంది. ఒక్క పేజీ మార్చాలన్నా సరుకును వేరేచోటికి సర్దాల్సిందే. పైగా చెరిపి రాసినకొద్దీ బ్లాకు అరిగిపోతుంది. ఒక్కో సెల్‌లో ఒకే బిట్ దాచే పాత ఎస్‌ఎల్‌సీ రకం సుమారు లక్షసార్లు తట్టుకునేది. రెండు బిట్లు దాచే ఎంఎల్‌సీ కొన్ని వేలసార్లు. మూడు బిట్లు కుక్కే టీఎల్‌సీకి వచ్చేసరికి అది ఇంకా తగ్గిపోయింది. ధర తగ్గింది, సామర్థ్యం పెరిగింది, ఆయుష్షు తరిగింది.

ఇంకో సంగతి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే చాలా నాండ్ చిప్‌లలో కొన్ని పాడైన బ్లాకులుంటాయి. వాటిని పక్కనపెట్టడం, మంచివాటిని సమానంగా వాడటం, చదివేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దడం... అన్నీ గుమాస్తా పనులే. అతను లేకపోతే గోదాముకు విలువే లేదు.

పుస్తకం చిరిగితే...

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కంట్రోలర్‌లో శాశ్వతంగా ముద్రించి ఉండే ప్రోగ్రాము చాలా చిన్నది. మిగిలిన ఫర్మ్‌వేరూ, ఆ చిట్టా పుస్తకమూ చాలా డ్రైవుల్లో నాండ్ చిప్‌లోనే ఓ మూల దాచి ఉంటాయి. అంటే గుమాస్తా తన పుస్తకాన్ని కూడా అదే గోదాములో పెట్టుకున్నాడన్నమాట! గోదాముకు చెద పట్టిందంటే బస్తాలతోపాటు పుస్తకానికీ పడుతుంది.

ఫైలు కాపీ అవుతుండగానే పెన్‌డ్రైవ్ లాగేశారనుకోండి. ఆ క్షణంలో గుమాస్తా పుస్తకంలో కొత్త పద్దు రాస్తూ ఉండొచ్చు. కరెంటు ఆగిపోతుంది. పద్దు సగంలో ఉండిపోతుంది. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి 'క్విక్ రిమూవల్' పద్ధతే మామూలైంది కాబట్టి 'సేఫ్లీ రిమూవ్' నొక్కకపోయినా ఫర్వాలేదంటారు. నిజమే, కానీ అది డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడు వర్తించే మాట. లైటు మిణుకుమిణుకుమంటున్నప్పుడు లాగితే ఏ విండోస్ కూడా కాపాడదు.

మరుసటిసారి పెట్టగానే కంట్రోలర్ తన ఫర్మ్‌వేర్‌ను వెతుక్కుంటుంది. దొరకదు. దొరికినా అర్థంకాదు. అప్పుడు తనలో ముద్రించి ఉన్న ఆ చిన్న ప్రోగ్రాముతోనే లేస్తుంది. 'నేనో యూఎస్‌బీ పరికరాన్ని' అని కంప్యూటర్‌కు చెప్పగలదుగానీ లోపల ఏముందో చెప్పలేదు. అందుకే డ్రైవ్ గుర్తు కనిపిస్తుంది, క్లిక్ చేస్తే 'ప్లీజ్ ఇన్సర్ట్ ఎ డిస్క్' అంటుంది. కొన్నిసార్లు 32 జీబీ డ్రైవ్ కాస్తా కొద్ది ఎంబీలే చూపిస్తుంది. కంపెనీ పేరు పోయి, ఏదో ఊరూపేరూ లేని పేరు వస్తుంది. మనం చనిపోయిందనుకునేది ఈ స్థితినే. నిజానికి అది మతిమరుపు.

ఫ్యాక్టరీ పనిముట్టు

ఈ మతిమరుపునకు మందు పెన్‌డ్రైవ్‌లు తయారయ్యే చోటే ఉంది. కొత్తగా అతికించిన చిప్‌లకు పుట్టుకతో ఏమీ తెలియదు. కంట్రోలర్‌కు ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. నాండ్ మొత్తాన్నీ పరీక్షించి పాడైన బ్లాకుల జాబితా రాయాలి. సామర్థ్యం ఎంతో, కంపెనీ పేరేంటో చెప్పాలి. ఒకేసారి పది పదహారు డ్రైవులను హబ్‌లకు తగిలించి ఈ పనంతా చేయించే సాఫ్ట్‌వేర్లను మాస్ ప్రొడక్షన్ టూల్స్ అంటారు. రిపేర్లు చేసేవాళ్ల భాషలో 'ఎంపీ టూల్'.

తైవాన్‌కు చెందిన ఫైసన్, సిలికాన్ మోషన్, ఆల్కోర్ మైక్రో, చైనాకు చెందిన చిప్స్‌బ్యాంక్, ఫస్ట్‌చిప్... ఇలా కంట్రోలర్లు చేసే సంస్థలు చాలా ఉన్నాయి. దేని టూల్ దానిదే. ఫైసన్‌కు ఎంపీఆల్, ఆల్కోర్‌కు ఆల్కోర్ఎంపీ, సిలికాన్ మోషన్‌కు ఎస్ఎంఐ ఎంపీటూల్. ఇవేవీ జనం కోసం చేసినవి కావు. ఫ్యాక్టరీల నుంచి ఎలాగో బయటికొచ్చి ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. కొన్నిటి మీద బటన్లన్నీ చైనీస్‌లోనే ఉంటాయి. ఏ బటన్ దేనికో చెప్పే పుస్తకమూ ఉండదు.

పెన్‌డ్రైవ్ మీద కనిపించే కంపెనీ పేరుకూ, లోపలి కంట్రోలర్‌కూ సంబంధం ఉండాలని లేదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు... అయినా ఈ నెల తయారైన దాంట్లో ఒక చిప్, వచ్చేనెల దాంట్లో ఇంకో చిప్ ఉండొచ్చు. అందుకే మొదటి పని చిప్ ఏంటో కనుక్కోవడం. చిప్‌జీనియస్, ఫ్లాష్ డ్రైవ్ ఇన్ఫర్మేషన్ ఎక్స్‌ట్రాక్టర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కంట్రోలర్ మోడల్‌నూ, నాండ్ చిప్ కోడ్‌నూ చూపిస్తాయి. అవి చెప్పలేకపోతే తొడుగు విప్పి, భూతద్దంతో చిప్ మీది అక్షరాలు చదువుకోవడమే.

కంట్రోలర్ దొరికితే సగం పనే అయినట్టు. ఆ టూల్ వెర్షన్‌కు లోపలున్న నాండ్ చిప్ కూడా తెలిసుండాలి. కొత్త చిప్‌కు పాత వెర్షన్ వాడితే గుర్తించదు. తప్పు వెర్షన్ బలవంతంగా ఎక్కిస్తే కొనఊపిరితో ఉన్నది కాస్తా పూర్తిగా పోవచ్చు.

అన్నీ కుదిరాయా... ఇక స్టార్ట్ బటనే. టూల్ గోదామంతా ఊడుస్తుంది. ఒక్కో బ్లాకునూ చెరిపి, రాసి, చదివి చూస్తుంది. పైపైన చూస్తే నిమిషాల్లో అయిపోతుంది. క్షుణ్ణంగా చూడమంటే గంటలు పడుతుంది. చివరికి ఆకుపచ్చ రంగు వస్తే గెలిచినట్టు. గుమాస్తాకు కొత్త పుస్తకం చేతికొచ్చింది. ఎర్ర రంగూ, ఏదో ఎర్రర్ నంబరూ వస్తే సెట్టింగులు మార్చి మళ్లీ మొదలు.

ఇలా లేచిన డ్రైవ్ ఒక్కోసారి కాస్త చిక్కిపోయి వస్తుంది. 32 జీబీది 28 జీబీ అవుతుంది. అది టూల్ తప్పు కాదు. పాడైన బ్లాకులను లెక్కలోంచి తీసేసిందంతే.

గుండుసూది వైద్యం

కొన్ని డ్రైవులు టూల్‌కు కూడా పలకవు. పాడైన ఫర్మ్‌వేర్‌నే పట్టుకుని, దాంతోనే లేవాలని చూసి మధ్యలో ఆగిపోతాయి. అప్పుడు మెకానిక్‌లు సూది అందుకుంటారు. నాండ్ చిప్‌కు రెండువైపులా సన్నటి కాళ్లుంటాయి. 48 కాళ్ల చిప్ అయితే 29 నుంచి 32 వరకూ, 41 నుంచి 44 వరకూ ఉన్నవి డేటా తీగలు. వాటిలో పక్కపక్కనున్న రెండింటిని, చాలావరకు 29, 30 కాళ్లను, సూదిమొనతో కలిపి పట్టుకుని డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెడతారు. గుర్తించిన శబ్దం రాగానే సూది తీసేస్తారు.

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఆ రెండు తీగలూ కలిసిపోవడంతో కంట్రోలర్ నాండ్‌లోని చెడిపోయిన ఫర్మ్‌వేర్‌ను చదవలేదు. గత్యంతరం లేక తనలోని చిన్న ప్రోగ్రాముతోనే లేస్తుంది. అప్పుడు టూల్ చెప్పే మాట వింటుంది. గుమాస్తా చేతిలోంచి చిరిగిన పుస్తకం లాగేస్తేనే కొత్తది అందుకుంటాడు కదా, అలాగన్నమాట. పొరపాటున కరెంటు వచ్చే కాళ్లను కలిపితే మాత్రం చిప్ కాలిపోవచ్చు. ఇక వేలిగోరంత ఉండే కొత్త డ్రైవుల్లో అన్నీ ఒకే ముద్దలో పోతపోసి ఉంటాయి. వాటికి పైకి కనిపించే కాళ్లే ఉండవు కాబట్టి ఈ వైద్యం అంత తేలిగ్గా సాగదు.

ఆకుపచ్చ రంగు పడింది సరే... ఫొటోలేవి?

ఇప్పుడు కౌంటర్ దగ్గర అడిగిన ప్రశ్నకు వద్దాం. స్టార్ట్ నొక్కాక టూల్ చేసే మొదటి పని ఏమిటి? బ్లాకులను చెరపడం. మామూలు ఫార్మాట్ చేసినప్పుడు ఫైళ్ల జాబితా పోయినా సరుకు చాలావరకు లోపలే ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్లు వెతికి తీయగలవు. ఎంపీ టూల్ అలా కాదు. గోదాము తలుపులు తీసి బస్తాలన్నీ బయటపారేసి, ఖాళీ గోడలకు సున్నం వేస్తుంది. ఆ తర్వాత ఏ నిపుణుడూ ఏమీ చేయలేడు. అందుకే మంచి మెకానిక్ డ్రైవ్ చేతిలోకి తీసుకోకముందే 'ఏమున్నది ఇందుల?' అని అడుగుతాడు.

డేటానే కావాలంటే దారి వేరు. ముందు కనెక్టర్ చూస్తారు. సీపీయూకు ముందువైపు పెట్టిన డ్రైవ్‌కు మోకాలు తగిలి నాలుగు కాళ్లలో ఒక్కటి టంకం ఊడినా డ్రైవ్ పలకదు. మళ్లీ టంకం వేస్తే ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి. అందరూ కోరుకోవాల్సిన జబ్బు ఇది!

కంట్రోలరో, చిట్టా పుస్తకమో పోయినట్టయితే నాండ్ చిప్‌ను వేడిగాలితో ఊడదీసి, ప్రత్యేక రీడర్‌లో పెట్టి చదువుతారు. రష్యాలో మొదలైన ఏస్ ల్యాబ్ సంస్థ తయారుచేసే పీసీ-3000 ఫ్లాష్ లాంటి పరికరాలు ఇందుకోసమే ఉన్నాయి. అయితే చదివింది నేరుగా ఫొటో అయిపోదు. కంట్రోలర్ డేటాను కలగాపులగం చేసి, ముక్కలుగా చల్లి దాస్తుంది. ఆ ముక్కల వరస తెలుసుకుని, తప్పులు దిద్ది, పుస్తకాన్ని మళ్లీ ఊహించి రాయాలి. దీనికి రోజులు పట్టొచ్చు, ఖర్చు డ్రైవ్ ధరకు ఎన్నోరెట్లు అవుతుంది. కంట్రోలర్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే రకమైతే అదీ కష్టమే. అయినా ఆశ మిగిలి ఉండేది ఈ దారిలోనే.

అదే టూల్... అదే మోసం!

డ్రైవ్ సామర్థ్యం ఎంతో రాసేది ఎంపీ టూలే అని చెప్పుకున్నాం కదా. మరి అబద్ధం రాస్తే? 8 జీబీ చిప్‌కు '512 జీబీ' అని బోర్డు తగిలించొచ్చు. తక్కువ ధరకు దొరికే నకిలీ పెన్‌డ్రైవ్‌ల రహస్యం ఇదే. వెయ్యి బస్తాల గోదాముకు లక్ష బస్తాలని రాసినా కంప్యూటర్ నమ్మేస్తుంది, ఎందుకంటే అది అడిగేది గుమాస్తానే! మొదటి 8 జీబీ వరకూ అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ తర్వాత ఎక్కించింది గాల్లో కలుస్తుంది, లేదా పాతవాటి మీదే పడుతుంది. ఫైళ్ల పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, తెరవబోతే తెరుచుకోవు. వైరస్ అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

దీన్ని పట్టుకోవడం సులువే. జర్మనీలోని ఓ కంప్యూటర్ పత్రికకు చెందిన హరాల్డ్ బోగెహోల్ట్స్ రాసిన 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ' అనే ఉచిత ప్రోగ్రాము డ్రైవ్‌ను చివరిదాకా నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. లైనక్స్ వాడేవాళ్లకు 'ఎఫ్3' ఉంది. నకిలీ అని తేలిన డ్రైవ్‌కు ఎంపీ టూల్‌తోనే అసలు సామర్థ్యం రాసి, ఉన్నంతమేరకు వాడుకోవచ్చు. ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే.

అసలు చిప్‌ల నాణ్యత మీదా అనుమానాలున్నాయి. జర్మనీలోని సీబీఎల్ అనే డేటా రికవరీ సంస్థ 2024లో ఓ సంగతి బయటపెట్టింది. తమ దగ్గరికొచ్చిన కొన్ని పెన్‌డ్రైవ్‌లు తెరిస్తే, పరీక్షలో నెగ్గని చిప్‌లను తయారీదారు పేరు చెరిపేసి వాడినట్టు కనిపించింది. కొన్నిటిలోనైతే ఏకంగా మైక్రోఎస్‌డీ కార్డునే టంకంతో అతికించేశారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఫర్మ్‌వేర్ మార్చగలిగితే పెన్‌డ్రైవ్‌ను కీబోర్డులా నటించేలా చేయొచ్చని, అలా కంప్యూటర్‌కు దొంగ ఆదేశాలు ఇప్పించొచ్చని కార్‌స్టెన్ నోల్, జాకబ్ లెల్ 2014 ఆగస్టులో బ్లాక్ హ్యాట్ సదస్సులో చూపించారు. దాని పేరు 'బ్యాడ్‌యూఎస్‌బీ'. కొద్దివారాలకే ఆడమ్ కాడిల్, బ్రాండన్ విల్సన్ ఓ ఫైసన్ కంట్రోలర్‌కు అలాంటి ప్రోగ్రామునే అందరికీ అందుబాటులో పెట్టేశారు. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టొద్దనేది ఇందుకే. ఎంపీ టూల్స్‌ను ఎక్కడపడితే అక్కడ డౌన్‌లోడ్ చేయకూడదనేదీ ఇందుకే... వాటితోపాటు వైరస్‌లూ రావచ్చు. ఇంట్లో ముఖ్యమైన ఫైళ్లేమీ లేని పాత కంప్యూటర్ ఉంటే అందులోనే ప్రయత్నించడం క్షేమం.

లక్షణాన్ని బట్టి మందు

'ఫార్మాట్ చేయాలి' అంటోందా? అసలు సామర్థ్యం సరిగ్గానే కనిపిస్తోందా? అయితే ఫర్మ్‌వేర్ బాగానే ఉంది. ఫార్మాట్ నొక్కొద్దు. ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత ప్రోగ్రాములతో ఫైళ్లను వేరే డిస్కులోకి తీసుకోండి. ఎంపీ టూల్ అవసరమే లేదు.

'రైట్ ప్రొటెక్టెడ్' అంటోందా? పక్కనున్న మీట జరిగిందేమో చూడండి. మీటే లేకపోతే, బ్లాకులు అరిగిపోయి కంట్రోలర్ తనంతట తానే తాళం వేసుకుని ఉండొచ్చు. చదవడానికి వీలున్నప్పుడే మొత్తం కాపీ చేసుకోండి. అది డ్రైవ్ చెబుతున్న చివరి మాట.

'ప్లీజ్ ఇన్సర్ట్ ఎ డిస్క్', సున్నా బైట్లు, లేదా సంబంధం లేని సామర్థ్యం? ఇదీ మతిమరుపు. లోపల విలువైనవి లేకపోతేనే ఎంపీ టూల్. ఉంటే ఏమీ చేయకుండా డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి.

'డివైస్ నాట్ రికగ్నైజ్డ్' అంటోందా? లైటే వెలగడం లేదా? ముందు వేరే పోర్టులో, వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. కనెక్టర్ కదులుతోందేమో గమనించండి. పెట్టగానే కాలిపోతుంటే వెంటనే తీసేయండి.

బాగైన డ్రైవ్‌ను ఏం చేయాలి? కారులో పాటలకు, టీవీలో సినిమాలకు, జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లడానికి వాడుకోవచ్చు. ఒకసారి పడి లేచిన గోదాములో పెళ్లి ఫొటోలు మాత్రం మళ్లీ దాచొద్దు. ఆ మాటకొస్తే కొత్త డ్రైవ్‌లో కూడా వాటిని ఒంటరిగా ఉంచొద్దు. బీరువాలో పెట్టి ఏళ్లకేళ్లు తీయకపోయినా నాండ్ సెల్స్‌లోని విద్యుదావేశం మెల్లగా కారిపోతుంటుంది. ఇంకోచోట ఇంకో కాపీ ఉండాల్సిందే.

పెన్‌డ్రైవ్ ధర కొన్ని వందలు. మళ్లీ కొనుక్కోవచ్చు. అప్పగింతల వేళ చెల్లెలు అన్న భుజం మీద తలవాల్చిన ఆ అరనిమిషం ఏ బజారులోనూ దొరకదు. కాబట్టి ఎవరు అడిగినా అడక్కపోయినా, స్టార్ట్ నొక్కేముందు ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి... డ్రైవ్ కావాలా, డేటా కావాలా?